కారణం, ఒక్క మాటలో

ఫారం నాలుగు పేజీలు.
ముప్పై ఏడు ప్రశ్నలకు కావలసినంత జాగా.
చివరిదానికి మాత్రం ఒక గడి,
నా బొటనవేలి గోరంత:
మరణానికి కారణం.

వర్తూరు దాటి, చెరువు నురగ వాసన దాటి,
బస్సు దిగి, ఇటుకల లారీ వెనక దుమ్ములో నడిచి
నేను చేరేసరికి రేకుల షెడ్డులో
వన్నూరమ్మ వదిన రొట్టెలు తడుతోంది.
"కన్నడపామెవా?" అంది.
ఇంట్లో తెలుగే, వీధిలో కన్నడ,
మా తాత చింతామణి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇంతే అన్నాను.
ఆ మాత్రానికే పీట వేసింది.

వయసు?
"మా చిన్నోని కంటే రెండు వానలు పెద్దది."
ఇరవై రెండని ఆసుపత్రి కాగితం. అదే దించాను.
ఎన్నో కాన్పు? మూడోది.
తాయి కార్డు ఉందా?
ఊళ్లో రాయించిన కార్డొకటి ఉందట,
కళ్యాణదుర్గంలో, అత్త ట్రంకుపెట్టెలో.
ఇక్కడ చెల్లదన్నారట.
రక్తం ఎంత?
"ఆరన్నారు. ఆరంటే తక్కవా మేడం?"

"మాత్రలిచ్చిరి. మింగితే కడుపు బిగబట్టేది.
ఈడ దొడ్డికి పోవాలంటే పొద్దు మునగాల,
పన్నెండో అంతస్తు దిగాల,
కుక్కలు పండుకోవాల.
అందుకే నీళ్లు గూడా తాగేది గాదు."

దీనికి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

నొప్పులు రాత్రి పదకొండుకు.
ఒంటిగంటకు బిడ్డ, ఈ షెడ్డులోనే.
గట్టిగా ఏడ్చింది. అందరూ నవ్వారు.
తర్వాత కింద పరిచిన సిమెంటు సంచి తడిసింది,
దాని కిందిది తడిసింది,
ఇంకొకటి వేశారు.
"కాన్పంటే రకతం పోదా అనుకుంటిమి."

ఓబుళపతి ఫోన్ చేశాడు.
అడ్రసు చెప్పమన్నారు.
గేటు మీద బంగారు రంగు ఇంగ్లీషులో ఉంది ఆ పేరు,
ఏదో పరదేశపు పూలతోట పేరట.
రెండేళ్లుగా దాని గోడలు కట్టినవాడికి
దాని పేరు నోరు తిరగలేదు.
అంబులెన్సు పక్క గేటు దగ్గర
లైటు తిప్పుకుంటూ పదిహేడు నిమిషాలు నిలబడింది.

మొదటి ఆసుపత్రిలో రక్తం లేదు.
రెండోదానిలో ఉంది, ఆ గ్రూపుది లేదు.
మూడోదానిలో రక్తం ఉంది, మంచం ఉంది,
జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చిన డాక్టరమ్మ ఉంది.
వన్నూరమ్మ చెయ్యి అప్పటికే చల్లబడి ఉంది.
ఆసుపత్రి పుస్తకంలో ఒకే వాక్యం:
'రోగి ఆలస్యంగా వచ్చింది.'
కర్త ఆమే. ఆ రాత్రంతటికీ
వాళ్లకు దొరికిన కర్త ఆమె ఒక్కతే.

అడగకుండానే చెబుతారు అందరూ.
వదిన: "ఇంకొంచెం ముందుగా అరిచుంటే."
ఓబుళపతి, నేల చూస్తూ:
"ఉగాదికే ఊరికి పంపాల్సింది. మేస్త్రీ బాకీ తీరల్య."
నేను గేటులోకి రాగానే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు:
"తాళం నా దగ్గరే ఉండె మేడం.
సారుకు ఫోన్ చెయ్యకుండా తీయకూడదు. సారు ఎత్తలేదు."
మేస్త్రీ మాత్రం
ఇది ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగాడు.

గడిలో 'రక్తస్రావం' అని రాశాను.
సరిగ్గా పట్టింది.
అబద్ధం కూడా కాదు.

సారవ పైపుకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ కదిలింది.
వదిన ఒక చేత్తో ఊపుతూ
రెండో చేత్తో పౌడరు డబ్బా తెచ్చింది.
అందులో మాత్రలు, ఎర్రగా.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను:
నూట ఎనభైలో నూట యాభై ఒకటి.
ఇరవై తొమ్మిది మింగింది,
ఎవరికో మాటిచ్చినట్టు.

"వాపసు తీసుకుంటారేమో," అంది వదిన.
కాసేపు రొట్టె మాడే వాసన.
"లేకుంటే... నేను మింగొచ్చునా?"

చూశాను అప్పుడు,
కొంగు ఎందుకంత నిండుగా కప్పుకుందో.

ఎన్నో నెల?
ఈ ఫారంలో ఆ ప్రశ్న లేదు.
కాగితం తిప్పి, వెనక తెల్లవైపు
ముందు ఆమె పేరు అడిగాను.